కోటయ్య గారి కల్లంలో నా టిక్కు మార్కు

2003 ఫిబ్రవరి. సత్తెనపల్లిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బి.బి.ఎం. పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. బి.బి.ఎం. అంటే బ్యాచిలర్ ఆఫ్ బిజినెస్ మేనేజ్‌మెంట్, మూడేళ్ల కోర్సు. మా వైపు అప్పటికింకా కొత్త. కంప్యూటర్ చదువనుకునేవాళ్లు కొందరు, ఇంజనీరింగ్ సీటు రానివాళ్ల చదువనుకునేవాళ్లు ఇంకొందరు. నేను గుంటూరు టౌన్లో పుట్టి పెరిగినదాన్ని. నోరు కాస్త ఎక్కువ. ఇప్పుడు చెప్పబోయేదంతా ఆ నోటి చలవే.

ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూమ్ గుమ్మంలోకి ఒక పెద్దాయన వచ్చాడు. భుజం మీద తువ్వాలు, ఒంటినిండా మిరప ఘాటు. ఆయన లోపలికి అడుగుపెట్టగానే ముగ్గురు లెక్చరర్లం వరసగా తుమ్మాం. వెనకాల మా మొదటి సంవత్సరం అమ్మాయి వాసంతి తల వంచుకుని నిలబడింది. ఆయన వాసంతి నాన్న కోటయ్య గారు, పక్క పల్లెలో మిరప రైతు.

"మేడంగారూ, మా అమ్మాయి ఇక్కడ ఏం చదువుద్దో ఒక్క ముక్కలో చెప్పండి" అన్నాడు కుర్చీలో కూర్చుంటూ.

నేను హుషారుగా మొదలుపెట్టాను. మొదటి ఏడాది మేనేజ్‌మెంట్ సూత్రాలు, ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్. తర్వాత మార్కెటింగ్, ప్రొడక్షన్, బిజినెస్ లా, మనుషులు కలిసి పనిచేసేటప్పుడు ఎలా ఉంటారో చెప్పే ఆర్గనైజేషనల్ బిహేవియర్. చివరి ఏడాది ప్రాజెక్టు.

"ఇంతకీ మేనేజ్‌మెంట్ అంటే ఏందండీ?"

"ప్లానింగ్, ఆర్గనైజింగ్, స్టాఫింగ్, డైరెక్టింగ్, కంట్రోలింగ్." ఒక్కోదానికీ తెలుగు అర్థం కూడా చెప్పాను.

కోటయ్య గారు శ్రద్ధగా విని, "ఇయ్యన్నీ మా ఇంట్లో మా ఆవిడ చేసుద్దండీ. అయిదో తరగతితో మానేసింది" అన్నాడు.

స్టాఫ్ రూమంతా గొల్లుమంది. వాసంతి నవ్వలేదు. వచ్చే జూన్‌లో తనను ఇది మాన్పించి టీచర్ ట్రైనింగ్‌లో చేర్చాలని నాన్న నిశ్చయించాడట. నిజం చెప్పొద్దూ, నా క్లాసులో ఎదురు ప్రశ్నలు వేసేది ఆ పిల్ల ఒక్కతే. నాకు చర్రున కోపం వచ్చింది.

"మీ కల్లంలో పని మీ అమ్మాయి చదివిన చదువుతో మార్చి చూపిస్తే?" అనేశాను.

ఆయన కళ్లు మెరిశాయి. "చూపిచ్చమనండి. ఒక్క కుప్ప, ఒక్క పూట ముందు తెమిలితే మూడేళ్లూ ఆపకుండా చదివిస్తా. తెమల్లేదా, జూన్‌లో మీరు మాట్లాడకూడదు."

ఆయన వెళ్లాక వాసంతి నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "పందెం మీరు కాశారు, చదువు నాది మేడమ్" అంది.

మర్నాటి నుంచి ఇద్దరం వర్క్ స్టడీ పాఠం ముందేసుకున్నాం. ఒక పనిని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, అక్కర్లేని కదలికలు తీసెయ్యడమే వర్క్ స్టడీ. కల్లంలో పని ఇలా సాగుతుంది: ఎండిన కాయల కుప్ప చుట్టూ ఆడవాళ్లు కూర్చుని, రంగుపోయి తెల్లబడ్డ తాలు కాయలు పక్కకి ఏరేస్తారు. మంచి కాయలతో గంప నిండగానే ఎవరికి వాళ్లు లేచి, కల్లం అవతలి చివర మంచి కుప్పలో పోసి వస్తారు. ఆ నడకంతా దండగని వాసంతి తేల్చింది. ఏరాల్సిన కాయలు తెచ్చి ముందు పోసుకుని, మంచి కుప్ప పక్కనే అందరూ వరసగా ఒక గీతలో కూర్చునేలా చక్కటి బొమ్మ గీసుకొచ్చింది. పుస్తకంలో అసెంబ్లీ లైన్ బొమ్మ అచ్చు అలాగే ఉంటుంది. నేను మురిసిపోయి ఎర్ర సిరాతో ఇంత పెద్ద టిక్కు కొట్టాను.

ఆదివారం పొద్దున్నే కల్లానికి వెళ్లాం. పదిమంది ఆడవాళ్లున్నారు. వాళ్ల పెద్ద మరియమ్మ, చిన్నప్పటినుంచీ తాలు ఏరుతున్న మనిషి. కోటయ్య గారు మంచి కుప్ప పక్కన మంచమేసుకుని కూర్చున్నాడు. వాసంతి బొమ్మ చూపించి అందరినీ వరసలో కూర్చోబెట్టింది.

పావుగంట గడిచిందో లేదో, గాలి తిరిగింది. వరస మొత్తం గాలికి ఎదురుగా ఉంది! మిరప దుమ్ము నేరుగా మొహాల మీదికి. ఒకటే తుమ్ములు, దగ్గులు. నాకైతే కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. పైగా ఎప్పుడూ గలగలలాడే కల్లం మూగబోయింది. పక్కపక్కన కూర్చున్నవాళ్లు ఎవరి మొహం చూసి మాట్లాడతారు? గంటకల్లా చేతులు మందగించాయి.

మరియమ్మ కొంగు దులుపుకుని లేచింది. "పాపా, ఈ బొమ్మ గీసినాయన ఎప్పుడన్నా కాయలు ఏరాడా?"

"నేనే గీశాను పెద్దమ్మా."

"మరి ఈ టిక్కు ఎవరు పెట్టింది?"

పదిమందీ నా వైపు తిరిగారు. నేను కొంగులో మొహం దాచుకున్నాను. కోటయ్య గారు మంచం మీద పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "టీచర్ ట్రైనింగ్ అప్లికేషన్లు ఎప్పుడిస్తారు మేడంగారూ?"

ఆ మాటకి వాసంతి కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరప ఘాటు వల్ల కాదు. నా నోటి మీద నాకే అసహ్యం వేసింది. ఆ పిల్ల మాత్రం కాసేపటికి ముక్కు తుడుచుకుని, బొమ్మ మడిచి నా చేతికిచ్చేసి, వెళ్లి మరియమ్మ పక్కన చతికిలబడింది.

"మీరెట్టా కూర్చుంటే బాగుంటదో మీరే కూర్చోండి పెద్దమ్మా. నేను చూస్తా."

వాళ్లు మళ్లీ ఏరాల్సిన కుప్ప దగ్గరికే వెళ్లి, గాలికి వీపు పెట్టి అర్ధచంద్రంలా సర్దుకున్నారు. చూపు ఆనని ఒక ముసలమ్మ పక్కన చురుకైన కోడలు పిల్ల కూర్చుంది, ముసలమ్మ వదిలేసిన తాలు తను అందుకోవడానికి. కబుర్లు మొదలయ్యాయి, చేతులు ఊపందుకున్నాయి. వాసంతి కూడా ఏరుతూ అడిగింది, "ఇందులో మీకు కష్టం ఏంది పెద్దమ్మా?"

"ఏరడం కష్టం కాదమ్మా, లేవడమే. గంప నిండినప్పుడల్లా మోకాళ్లు పట్టుకుని లేవాలి."

"ఒకళ్లే అందరి గంపలూ పోసిరావచ్చుగా?"

మరియమ్మ గొంతు తగ్గించింది. "మీ నాయన చూస్తాడుగా. ఎవరి గంప వాళ్లు ఆయన ముందు పొయ్యకపోతే పని చెయ్యట్లేదనుకుంటాడని భయం."

వాసంతి చటుక్కున లేచి తండ్రి మంచం దగ్గరికి వెళ్లింది. "నాన్నా, నువ్వు ఈ మంచం దిగాలి."

"నేనేం చేశానే?"

"నీ కోసమే వాళ్లు లేచి వస్తున్నారు. నువ్వే వెళ్లి గంపలు తెచ్చుకుంటే వాళ్లు లేవక్కర్లేదు."

ఏరే చేతులన్నీ ఆగిపోయాయి. ఆసామి గంపలు మొయ్యడమా! కోటయ్య గారు కూతుర్ని చూశాడు, మరియమ్మని చూశాడు, చివరికి నన్ను చూశాడు. నేను ఈసారి నోరెత్తలేదు. ఆయన తువ్వాలు తలకు చుట్టి మంచం దిగాడు.

"స్టాఫింగ్ అంటే ఇదేనా మేడంగారూ?" అన్నాడు మొదటి గంప ఎత్తుకుంటూ.

ఇక చూడాలి ఆ సంబరం! "కోటయ్యగారో, ఇక్కడ గంప నిండిందో" అని ఒకళ్లు, "అబ్బో, కూలీ కొత్తోడు, నెమ్మది" అని ఇంకొకళ్లు. ఆయన చెమటలు కక్కుతూనే ఎదురు జోకులు వేస్తున్నాడు. అన్నాల వేళకి సగం కుప్ప పైగా తరిగింది. ఎప్పుడూ మర్నాటి మధ్యాహ్నానికి గానీ తెమలని కుప్ప, పొద్దుగూకేలోపే అయిపోయింది. మరియమ్మ ఆఖరి గంప కోటయ్య గారి చేతికిచ్చి, "పిల్లని చదివించండి బాబూ, మా మోకాళ్లు బతికాయి" అంది. వాసంతి నన్ను గట్టిగా వాటేసుకుంది. ఇద్దరం తుమ్ముకుంటూనే నవ్వుకున్నాం.

జూన్‌లో కోటయ్య గారు రెండో సంవత్సరం ఫారం పట్టుకుని స్వయంగా వచ్చాడు. "సంతకం ఎక్కడండీ?" అని అడిగి, మాట తప్పకుండా పెట్టాడు. తర్వాత గొంతు సవరించుకుని, "పత్తితీతకి కూడా ఏదన్నా పాఠం ఉందాండీ?" అన్నాడు.

అంతకుముందు పిల్లలకు కంట్రోలింగ్ చాప్టర్ రెండు మూడేళ్లు చెప్పాను. చూసేవాడి మంచమే పనికి అడ్డం కావచ్చని ఏ ఏడాదీ నాకు తట్టలేదు. ఆ తర్వాత ఎవరు ఏ ప్లాన్ పట్టుకొచ్చినా, కలం తియ్యకముందే ఒకటి అడిగేదాన్ని: "అక్కడ పనిచేసేవాళ్లని అడిగావా?" అడగలేదంటే వెనక్కి పంపేదాన్ని.

మూడో ఏడాది వాసంతి మిర్చి కల్లాల మీదే ప్రాజెక్టు రాసింది. వైవా రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మొదటి పేజీ తెరిచి ఆగిపోయారు. గైడ్ అన్నచోట రెండు పేర్లున్నాయి. పైన మరియమ్మ, కింద నేను.

"ఈ మరియమ్మ గారు ఏ కాలేజీ అమ్మా?"

వాసంతి తడుముకోకుండా చెప్పింది. "మా కల్లం సార్. మా మేడమ్ టిక్కు పెట్టిన ప్లాన్‌కి ఇంటూ కొట్టింది ఆవిడే."

ఎగ్జామినర్ నా వైపు చూశారు. అవునన్నట్టు తల ఊపి, మరియమ్మ పేరు కింద సంతకం పెట్టాను.