సిలిండర్‌కు చేయి వేసిన హమాలీ

2022. ఆదోని మార్కెట్ యార్డుకు కొత్త పత్తి రావడం మొదలైన రోజులు. నేను ఊళ్లోని ఒక ఆసుపత్రిలో నర్సుని. యార్డులో బోరాలు, అంటే పత్తి మూటలు మోసే ఈరన్నను అతని భార్య నరసమ్మ మా దగ్గరికి తీసుకొచ్చింది. ఎమ్మిగనూరు దగ్గరి పల్లె వాళ్లది. ముప్పై దాటని మనిషికి ఛాతీ నొప్పి, ఆయాసం.

"మొన్న జరమొచ్చినాది సిస్టరమ్మా. సెమట పడితే దిగుతాదని బోరాలు మోసినాడు. మా కాడ అందరూ అట్లే సేస్తారు" అంది నరసమ్మ.

"దిగింది గదా మల్ల!" అన్నాడు ఈరన్న రొప్పుతూనే.

రక్తంలో ట్రోపోనిన్ ఎక్కువగా ఉంది. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ప్రోటీన్ అది. కర్నూలులో తీయించిన యాంజియోగ్రామ్‌లో రక్తనాళాలకు అడ్డేమీ లేదు. ఎకో స్కాన్‌లో మాత్రం గుండె నీరసంగా కొట్టుకుంటోంది. మయోకార్డైటిస్, అంటే గుండె కండరానికి వాపు అన్నారు డాక్టర్. లయ తప్పితే ప్రాణం మీదికి వస్తుంది కనుక మానిటర్ తగిలించి, మంచం దిగొద్దన్నాం.

ఒక ఉదయం మానిటర్ కూత పెట్టింది. తెర మీద గీత తిన్నగా ఉంది. పరుగెత్తాను. మంచం ఖాళీ. వైర్లు దిండు మీద ఉన్నాయి. వరండా మెట్ల మీద ఆక్సిజన్ సిలిండర్‌కు ఒక పక్క మా అటెండర్ ఖాజా, మరో పక్క ఈరన్న!

"ఏమప్పా, బతకాలని లేదా నీకు?" అన్నాను.

"పెద్దాయన ఒక్కడే ఈడ్సుకుంటాంటే ఎట్ల సూస్తా పండుకోవాల? ఒక సెయ్యి ఏసినా, అంతే."

అంతలో నరసమ్మ టీ గ్లాసుతో వచ్చింది. "టీకి పోయొచ్చేలోగా సిలిండర్ ఎత్తినావా! ఇంగొంచెంసేపుంటే మంచం గూడా ఎత్తుతాంటివి!"

మళ్లీ పడుకోబెట్టి వైర్లు తగిలిస్తే గుండె లయ గతి తప్పి ఉంది. డాక్టర్ వచ్చి మందు ఎక్కించాక మెల్లగా దారికొచ్చింది.

"జరం పోయింది గదా సారూ, ఇంగేమి?" అన్నాడు ఈరన్న.

"జరం తెచ్చిన వైరస్ గుండెదాకా పోయింది, నువ్వు జరంలో బరువు మోసేసరికి దెబ్బ ముదిరింది. ఇప్పుడు వైరస్ పోయిందప్పా. దాన్ని తరమడానికి లేచిన నీ ఒంట్లోని రక్షణ కణాలే ఇంకా ఆగలేదు. దొంగ పారిపోయినాడు, కట్టెలు పట్టుకొచ్చిన ఊరోళ్లు చీకట్లో ఇంటాయన్నే కొడతాండారు. వాళ్లు చల్లబడేదాకా బరువెత్తితే గుండె ఆగిపోవచ్చు" అన్నారు డాక్టర్.

ఈరన్న తన అరచేతులు చూసుకున్నాడు. "మూట ఎత్తనోడు ఏం హమాలీ సారూ?"

"బతికిన హమాలీ" అంది నరసమ్మ.

ఆ సీజనంతా యార్డులో కూర్చుని బోరాల మూతులు కుట్టాడు. తర్వాతి పరీక్షల్లో ఎకో మామూలుగా వచ్చింది, లయ కుదురుగా ఉంది. చిన్న బరువులతో మొదలుపెట్టమన్నారు డాక్టర్. ఆ మాట నాకు చెప్పడానికి అతను వార్డుకు వచ్చినప్పుడు, ఎదురుగా ఖాజా, సిలిండర్. ఈరన్న ఒక అడుగు వేసి ఆగాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

"సిస్టరమ్మా, పట్టుకోవచ్చునా?"

నాకు నవ్వు ఆగలేదు. కళ్లు కూడా తడిశాయి.

జ్వరం దిగిందంటే జబ్బు అయిపోయిందని అప్పటిదాకా నేనూ అనుకునేదాన్ని. ఇప్పుడు ఛాతీ నొప్పితో వయసు పిల్లలెవరు వచ్చినా, ఈమధ్య జ్వరం వచ్చిందా అని అడిగి ఊరుకోను. ఆ జ్వరంలో ఏం మోశావు అని కూడా అడుగుతాను.