నున్నటి బండ మీద మలయా సౌదాగరు

నడుము గట్టిగా ఉన్నవాళ్లే ఇది చదవండి. ఇందులో ఒక పెద్దమనిషి కిందపడతాడు; నేను ఆయనకంటే లోతుకు పడతాను.

అప్పట్లో వికారాబాద్ నుంచి రోజూ రైల్లో తాండూరు పోయి, బస్వంత్‌రెడ్డి పటేలు నాపరాతి బండల యూనిట్‌లో కొలతలు చూసేవాణ్ణి. లెక్కలు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నానని గర్వం. ఒకరోజు మలేషియా నుంచి ఒక ముసలాయన బేరానికొచ్చాడు. ఇంగ్లీషు రాదు. ఆ బేరం పోతే యూనిట్‌కు తాళమే.

"ఫోన్ల తర్జుమా పెట్టనా?" అన్నాడు పటేలు.

అంతలో ముసలాయన పటేలును చూపించి "సౌదాగర్?" అన్నాడు. సౌదాగరంటే మన దగ్గరా వర్తకుడే! నేను నోరు తెరిచాను. ద్రాక్షలూ ఎండుద్రాక్షలూ పళ్లెంలో పెడితే "అంగూర్, కిస్మిస్" అన్నాడు. బజారును "పసార్" అన్నాడు. పార్శీ మాటలు గుర్రమెక్కి గోల్కొండకు వచ్చాయని విన్నాను గానీ, అవే ఓడెక్కి మలయాకూ పోయాయని ఎవరు చెప్పారు? సముద్రం అవతల మేనబావలు దొరికినట్టు ఒళ్లు పులకరించింది.

"ఫోనెందుకు పటేలా? పదింట ఏడు మాటలు మనయే. మిగిలినయి చిల్లర!"

"చిల్లరల మునుగుతవ్ నర్సింలూ, జర సూస్కో."

ముసలాయన బండను నిమిరి "కెందూరి" అన్నాడు.

"కందూరట పటేలా! దర్గకాడ మ్యాకను కోసి అందరికి పెడ్తం గద, గసుంటి విందు. ఆ జాగల పరుస్తడట."

ఇంతవరకు నా లెక్క తప్పలేదు. తర్వాత ఆయన వేలు ఆడిస్తూ "తిడాక్ లిచిన్, తిడాక్ లిచిన్" అన్నాడు.

"గదేందయ్యా?"

"చిల్లర!"

విందు జాగంటే మెరవాలి కదా? నమూనా బండలు ముఖం కనబడేట్టు పాలిష్ పట్టించాను. మర్నాడు నీళ్లు చల్లి మరీ పిలిచాం. అడుగు పెట్టగానే ఆయన ఒక కాలు యాలాల ఊరి వైపు, ఇంకో కాలు మర్పల్లి వైపు పోయాయి. ఆయన మాత్రం మా ముందే కూర్చుండిపోయాడు.

"బేరం మునిగె గద నర్సింలూ!" అంటూ పటేలు ఫోను తీసి, ఆ రెండు మాటలూ దానికి వినిపించాడు. ఫోనులోని ఆడగొంతు చల్లగా చెప్పింది: "జారకూడదు."

ఏనుగంతా తెలుసు, తోక ఒక్కటే తెలియదనుకున్నాను. ఏనుగు తోకమీదే నిలబడిందని అప్పుడు తెలిసింది.

ముసలాయన లేవకుండానే పక్క బండ అంచు ఎత్తి అడుగుభాగం తడిమాడు. గరుకు! మా మిషను ముట్టని గరుకు. తిరగేయించి, తడికాలితో నిలబడి చూశాడు. జారలేదు. బేరం కుదిరిందన్నట్టు పటేలు చేతిని తన రెండు చేతులతో పట్టుకుని ఊపి, నా వీపు చరిచాడు.

"శాబాస్!"

యూనిట్ అంతా ఘొల్లుమంది. ఆ ఒక్క మాటకు ఫోనూ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు.

నాపరాయి మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద మాటలను లెక్కపెట్టను, తూస్తాను. చేయి వేసింది గరుకు వైపే, అనుమానం వద్దు.