మొదటి దగ్గు

షెడ్డులో నీళ్ళ పీపాకి బిగించి, బాగా చల్లారనిచ్చి తాడు లాగినా పడవ మోటారు ఇట్టే అందుకుంది. రేవులో, బావ చేతిలో మాత్రం పొద్దున్నే మొండికేస్తోంది. మెకానిక్కుకి అదే అంతుపట్టలేదు. ప్లగ్గు మార్చాడు. కార్బ్యురేటరు విప్పి కడిగాడు. పెట్రోలు గొట్టం కొత్తది వేశాడు. ఇంక చూడనిదేదీ లేక, ఇవాళ తనే రేవుకి వచ్చి పడవలో కూర్చున్నాడు.

బావకి ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ తప్ప మూడో చోటు తెలీదు. అవతలి మిల్లులో మొదటి షిఫ్టు వాళ్ళు ఆయన పడవే ఎక్కుతారు. చలి మొదలైనప్పట్నుంచీ రోజూ ఆలస్యం. ఇంకొక్కసారి ఆలస్యమైతే వంతెన మీద బస్సుకి పోతామని నిన్న మొహం మీదే అనేశారు. వాళ్ళు పోతే పడవ ఒడ్డున బోర్లించుకోవాల్సిందే.

"నీ రిపేరుకి జడిసిపోయిందిరా ఇది," అన్నాడు బావ, చోక్ బయటికి లాగి అటు తిరుగుతూ.

"నా దగ్గర బుద్ధిగానే ఉంది. నిన్ను చూస్తేనే దానికి వేషాలు."

బావ ఇటు తిరగనైనా లేదు. తాడు లాగాడు. మళ్ళీ లాగాడు. మోటారు చిన్నగా దగ్గింది.

ఆ దగ్గు వినపడగానే చోక్ లోపలికి నెట్టాలి. లేకపోతే పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిపోతుంది. అక్క పెళ్ళైన కొత్తలో, ఇదే పడవలో కూర్చోబెట్టి, "కళ్ళు మూసుకుని వినరా," అంటూ ఈ పని నేర్పింది బావే.

బావ చోక్ నెట్టలేదు. తాడు లాగుతూనే ఉన్నాడు. పెట్రోలు వాసన గుప్పుమంది.

మెకానిక్కు వెనకనుంచి, మామూలు గొంతుతో, "బావా, పడవలోకి నీళ్ళొస్తున్నాయి," అన్నాడు.

బావ తాపీగా తాడు చుట్టుకుంటున్నాడు.

మెకానిక్కు లేచి, ప్లగ్గు విప్పి, తుడిచి, ఆరనిచ్చి బిగించాడు. మిల్లు వాళ్ళు క్యారేజీలు పట్టుకుని మెట్లు దిగుతున్నారు. మెకానిక్కు బావకి ఎదురుగా వచ్చి, ఆయన ఎడమ చెయ్యి తీసి మోటారు మూత మీద ఆనించాడు.

"లోపల ఉలిక్కిపడుతుంది. అప్పుడు నెట్టు."

బావ ఆ చేతివంక చూసుకున్నాడు.

"మీ అక్కకి చెప్పకు."

"అక్కకి తెలీకపోవడమేంటి? నీతో ఊరికే అంత గొంతేసుకుని మాట్లాడుతోందా?"

బావ తాడు పిడి అందుకున్నాడు.

"కోపమనుకున్నాన్రా."

తాడు లాగాడు. ఏమీ లేదు. మళ్ళీ లాగాడు. అరచేతి కింద మూత ఉలిక్కిపడింది. చెయ్యి దానంతటదే చోక్ మీదికి పోయింది. తర్వాతి లాగుకి మోటారు అందుకుంది.

"ఏమైంది దానికి?" అన్నాడు ముందుగా ఎక్కినాయన.

"జలుబు," అన్నాడు మెకానిక్కు.

బావ ఆ మాటని అతని పెదాల మీద చూసి, నవ్వాపుకుంటూ పడవని అవతలి ఒడ్డుకి తిప్పాడు.