పంతొమ్మిది స్లైడ్ల వీధి

1968 జులైలో నన్ను శ్రీకాకుళంలో మలేరియా నిర్మూలన యూనిట్‌కి లేబరేటరీ టెక్నీషియన్‌గా వేశారు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. కిటికీ పక్కన ఒక బల్ల, దాని మీద ఒక మైక్రోస్కోప్, రంగు నీళ్ళ జాడీలు, అదీ నా రాజ్యం. జిల్లాలో జ్వరాలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి గానీ జ్వరం వచ్చిన మనిషి ముఖం చూసే పని మాత్రం నాకుండేది కాదు. అది హోదా అనుకునేవాణ్ణి.

పని జరిగే పద్ధతి ఇది. అట్టడుగున సర్వేలెన్స్ వర్కర్ ఉండేవాడు. పదిహేను రోజులకోసారి తన ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి, జ్వరం ఉందా అని అడిగి, వేలికి సూది గుచ్చి గాజుపలక మీద రక్తం తీసి, గోడ మీద తారీఖు వేసి రావాలి. ఆ పలకనే స్లైడ్ అంటాం. దాని మీద రెండు మచ్చలు ఉంటాయి. దళసరి మచ్చలో మలేరియా క్రిమి ఉందో లేదో తెలుస్తుంది, పలచటి దాంట్లో అది ఏ జాతిదో తెలుస్తుంది. అన్నీ కలిపి స్లైడ్‌కి నాలుగు చుక్కల రక్తం కావాలి. వర్కర్ మీద ఇన్‌స్పెక్టరు, ఆయన మీద యూనిట్ ఆఫీసరుగా ఒక డాక్టరుగారు. నెలకి ఇన్ని స్లైడ్లు రావాలని పైనుంచి లెక్క ఉండేది. జ్వరాలు లేకపోతే ఎలా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. కాస్త ఒళ్ళు వెచ్చగా ఉందన్నవాళ్ళ వేళ్ళు కూడా గుచ్చేసేవారు.

మా వర్కర్లలో సూరిబాబు స్లైడ్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. పొందూరుకి దగ్గరలో, పేరు చెప్పను, ఒక ఊళ్ళో నూలు వడికేవాళ్ళ వీధి అతని వంతు. అక్కణ్ణించి పక్షానికి పంతొమ్మిది స్లైడ్లు తెచ్చేవాడు. మిగతా వాళ్ళ స్లైడ్లు చీమిడి తుడిచినట్టు వస్తే, అతనివి పంతొమ్మిదీ అచ్చు గుద్దినట్టు ఉండేవి. మచ్చలన్నీ ఒకే సైజు, ఒకే ఎరుపు. నెలల తరబడి ఒక్కదాంట్లోనూ క్రిమి లేదు. నెలవారీ మీటింగులో లేచి, స్లైడంటే ఇలా ఉండాలని అందరికీ చూపించాను. సూరిబాబు తల వంచుకుని నేలకేసి చూశాడు. వినయం అనుకున్నాను.

మరుసటి ఏడాది దసరా ముందు ఒక పక్షం ఆ వీధి నుంచి ఒక్క స్లైడూ రాలేదు. ఏమయ్యిందని అడిగితే, జనం ఊళ్ళో లేరు సార్ అన్నాడు. పెళ్ళిళ్ళ కాలమూ కాదు, కోతలూ కాదు, వీధంతా ఏకంగా ఎక్కడికి పోయిందని నాకు తట్టలేదు. తరవాతి పక్షం మళ్ళీ పంతొమ్మిదీ వచ్చాయి. మొదటిది మైక్రోస్కోప్ కింద పెట్టాను. నెలవంకలు! ప్రాణం మీదికి తెచ్చే మలేరియా జాతి క్రిములు ముదిరితే నెలవంకల్లా కనిపిస్తాయి. రెండో దాంట్లోనూ అవే. పంతొమ్మిదో దాకా అవే. రంగు నీళ్ళు చెడిపోయాయేమోనని కొత్తవి కలిపి మళ్ళీ చూశాను. నెలవంకలు కదల్లేదు.

డాక్టరుగారు కుర్చీలోంచి లేచారు. ఒక వీధిలో, ఒక పక్షంలో, పంతొమ్మిది కేసులు! పై ఆఫీసుకి టెలిగ్రాం వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు ఇళ్ళకి దోమల మందు కొట్టే మనుషుల్ని పోగు చేశాడు, చేస్తూ చేస్తూ టీ దుకాణంలో ఎవరికీ చెప్పొద్దని అందరికీ చెప్పాడు. మరునాడు మా జీపు బయలుదేరేసరికి జ్వరం వార్త మాకంటే ముందే ఊళ్ళన్నీ తిరిగి వచ్చింది. పక్క ఊరివాళ్ళు ఆ వీధి మీదుగా నడవడం మానేశారు. నూలు కొనే ఆసామీ, ఆ వీధి నూలు ముట్టుకోనని మూటలు వెనక్కి పంపేశాడు. మలేరియా దోమ వల్ల వస్తుంది గానీ దారం వల్ల రాదని డాక్టరుగారు దారిలో జీపు ఆపి చెప్పి చూశారు. ఆసామీ వినయంగా విని, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

జీపులో డాక్టరుగారు, ఇన్‌స్పెక్టరు, నేను. ఇంత పెద్ద కేసు కనిపెట్టినవాణ్ణి కదా, నేనూ వస్తానని పట్టుబట్టాను. పంతొమ్మిది పొట్లాల మాత్రలు నా ఒళ్ళోనే ఉన్నాయి. తీరా వీధిలో దిగితే, రోగులు పంతొమ్మిది మందీ అరుగుల మీద కూర్చుని పని చేసుకుంటున్నారు. ఒకామె వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. ఇంకొకామె రాట్నం ముందు వెంట్రుక లాంటి దారం తీస్తోంది. సూరిబాబు మాత్రం ఒక గోడకి ఆనుకుని చెమటలు కక్కుతున్నాడు. వీధి మొత్తంలో జ్వరం ఉన్నవాడు అతనొక్కడే అనిపించింది.

డాక్టరుగారు వెంటనే అనుమానపడలేదు. ఒంట్లో నెలవంకలు ఉండి జ్వరం లేకపోవడం కద్దు. జాబితా చదివి మాత్రలు పంచమన్నారు. మొదటి పేరు పైడమ్మ. పొట్లం అందుకోబోతున్న ఆమె చేతి వేళ్ళు చూశాను. అద్దంలా నున్నగా ఉన్నాయి, సూది గుర్తన్నది లేదు. నాలుగు రోజుల నాటి గాటు ఎక్కడమ్మా అని అడిగాను. ఆమె బొటనవేలు చూపించింది. పక్కనున్నామె చెవి చూపించింది. మూడో ఆమె కాసేపు ఆలోచించి మోకాలు చూపించింది. ఇన్‌స్పెక్టరు జాబితా వెనక దాక్కుని నవ్వాడు. డాక్టరుగారు నవ్వలేదు.

చివరికి పైడమ్మే తెగించింది. "మాకెందుకు బాబూ ఈ సేదు మాత్రలు? ఆ రగతం మాది కాదు. ఏలికి సూది గుచ్చితే నూలు వస్తాదేటి? గరుకు తగిల్తే సాలు, తెగిపోతాది. మా అప్పలనరసమ్మ అత్తకి సూపు ఆనదు, రాట్నం మానేసినాది. ఆయమ్మ ఏలు కాలీయే కదా! అందరికీ ఆయమ్మే ఇచ్చీసేది. ఎవుల రగతమైతే ఏటి, ఎర్రగానే ఉంటాది కదా!"

పంతొమ్మిది స్లైడ్లకి డెబ్బై ఆరు చుక్కలు. దసరా ముందు ఊళ్ళో లేని జనం అంటే ఈ ఒక్క మనిషే అని నాకు అప్పుడు అర్థమైంది. నా జాబితా తడిమాను. అప్పలనరసమ్మ పేరు అందులో లేనే లేదు. పంతొమ్మిది మంది ఆరోగ్యవంతులకి మందు తెచ్చాం. జబ్బున్న మనిషికి ఒక్క మాత్రా తేలేదు.

ఆవిడెక్కడ అని డాక్టరుగారు అరిచారు. పైడమ్మ ముఖం మారింది. "పెరట్లో పడుకున్నాది బాబూ. శృంగవరపుకోట అవతల, కొండ కింద కూతురి కాడికి ఎల్లొచ్చిన కాణ్ణించి వణుకుతన్నాది. రగతం ఎక్కువ పోయినాది కదా, దానికే అనుకున్నాం. కోడి పులుసు పెడతన్నాం."

ఆ కొండల్లో మలేరియా ఎప్పుడూ ఉండేదే. పెరటి వసారాలో, నులక మంచం మీద, రెండు బొంతల కింద ఉందావిడ. కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళు కాలిపోతోంది. పదివేళ్ళకీ పొక్కులే. నెలల తరబడి నేను మెచ్చుకున్న రక్తం తాలూకు ముఖం అది. నాకు సిగ్గేసింది, భయం కూడా వేసింది. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే మనం చేసేదేమీ ఉండేది కాదన్నారు. అక్కడే మొదటి మోతాదు మింగించి, జీపులో పడుకోబెట్టి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకుపోయాం. ఇన్‌స్పెక్టరూ నేనూ బస్సులో వచ్చాం.

అయిదో రోజున చూడ్డానికి వెళ్ళాను. లేచి కూర్చుని గంజి తాగుతోంది. నేనెవరో చెప్పుకున్నాను. ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి, కళ్ళు చికిలించి చూసింది. "నువ్వేనా బాబూ, అద్దంలో నా రగతం సూసినోడివి? నాకు సూపానదు సరే. ఇన్నాళ్ళూ సూసి, ఒక్క మనిసిదే అని నువ్వూ పోల్సుకోలేదేటి?"

ఆఫీసు వాళ్ళు ఇదే ప్రశ్నని వారం తరవాత ఇంగ్లీషులో, మూడు పేరాల మెమోగా ఇచ్చారు. సూరిబాబుకీ మెమో వచ్చింది. అతణ్ణి తీసేయాలని ఇన్‌స్పెక్టరు అంటే, అలాగైతే అతన్ని మెచ్చుకున్నవాణ్ణి కూడా తీసేయాలి కదా అని డాక్టరుగారు నా వైపు చూశారు. ఇద్దరం మిగిలాం. ఆ వీధిలో ఆ తరవాత అందరినీ విడివిడిగా పరీక్షించాం, రెండో కేసు లేదు. నూలు మూటలు మళ్ళీ కదలడానికి మాత్రం నెల పట్టింది. మా టెలిగ్రాం చేసిన పని అది, దోమ చేసింది కాదు.

వేలు వద్దంటే చెవి తమ్మె నుంచి రక్తం తీయవచ్చని మా నిబంధనల పుస్తకంలో మొదటినుంచీ ఉంది. ఆ పుస్తకం నా బల్ల సొరుగులోనే ఉండేది. వడికే ఆడవాళ్ళు వేలెందుకు ఇవ్వరో ఎవరూ అడగలేదు గనక దాన్ని ఎవరూ తెరవలేదు. మరుసటి పక్షం సూరిబాబు చెవుల నుంచి తీసిన స్లైడ్లు తెచ్చాడు. కొన్ని అలుక్కుపోయాయి, కొన్నిట్లో రక్తం చాల్లేదు, ఏ రెండూ ఒకలా లేవు. అన్నీ ఓపిగ్గా చూశాను.

ఆ తరవాత ముప్ఫై ఏళ్ళ సర్వీసులో, ఏ కట్టలోనైనా స్లైడ్లు మరీ అందంగా వస్తే, మైక్రోస్కోప్ దగ్గర కూర్చోకుండా ముందు చెప్పులు తొడుక్కుని ఆ ఊరికి బయలుదేరేవాణ్ణి.