పాలడబ్బా కెమెరా

ముందే చెబుతున్నాను, ఇది నా పరువు పోయిన కథ. అదైనా నాలుగు గోడల మధ్య పోయిందా అంటే, లేదు. సంతరోజు, నడిరోడ్డు మీద, బస్సుల కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి చూస్తుండగా పోయింది. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇన్నేళ్ళ తర్వాత చెబుతున్నా ఒళ్ళు మండుతూనే ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు పక్కన ఆశ్రమ పాఠశాలలో టీచరుగా ఉండేదాన్ని. బడి రోడ్డుకు ఇటు, నీళ్ళ బోరు అటు, మధ్యలో ఒక మలుపు. అరకు అందాలు చూడ్డానికి కిందినుంచి వచ్చే కార్లు, తాము చేరేలోపు కొండలు ఎక్కడికో లేచిపోతాయన్నట్టు దూసుకొచ్చేవి. అక్కడే పుట్టిన కొండలురా నాయనా, ఎక్కడికీ పోవు, నిదానంగా రండి అంటే వినే నాథుడు లేడు. ఒకరోజు పొద్దున బిందెతో రోడ్డు దాటుతున్న మా నాలుగో తరగతి బుద్రిని ఒక తెల్లకారు గుద్దేసి, ఆగకుండా పోయింది. పిల్ల కాలు విరిగింది. ఆ కారువాడు ఎవడో ఇప్పటికీ తెలియదు. తెలిసి ఉంటే ఈ కథ నేను జైల్లోంచి రాసేదాన్ని.

గొడవ పెద్దదయ్యాక ఎస్.ఐ. గారు వచ్చి మా బడి వరండాలో మీటింగు పెట్టారు. పట్నాల్లో స్పీడు కెమెరాలు వచ్చాయట, హద్దు దాటి పోయే బండిని ఫోటో తీస్తాయట, జరిమానా నేరుగా ఇంటికే పోతుందట. నేను ఉబ్బితబ్బిబ్బయ్యాను. సంతకు జీపు నడిపే అప్పారావు మాత్రం లేచి అడ్డం తిరిగాడు. ఇరవైమందిని ఎక్కించి, మరో పదిమందిని వెనకాల వేలాడదీసుకుపోయే మనిషి, రోడ్డు భద్రత మీద మాట్లాడుతున్నాడు చూడండి.

"గుద్దీసినాక ఫోటో తీత్తే ఏటి లాబం సారూ? బ్రేకు కాలికింద ఉంటాది గానీ కెమెరాలో ఉంటాదేటి?" అన్నాడు.

భయం ఉంటే కాలు దానంతటదే బ్రేకు మీద పడుతుందని నేనన్నాను. డబ్బున్నవాడు జరిమానా కట్టి మళ్ళీ తోలుతాడని అతను, కెమెరా దాటేదాకా పిల్లిలా వచ్చి దాటాక పులైపోతాడని అతని వెనకున్నవాళ్ళు. ఊరు రెండుగా చీలిపోయింది. నా గొంతు అందరికంటే పెద్దది కాబట్టి నేనే గెలిచాననుకున్నాను. అప్పుడు బుద్రి తల్లి చిలకమ్మ వెనకనుంచి ఒక్క మాట అడిగింది.

"అది మా మలుపుకి ఎప్పుడొత్తాది సారూ?"

జిల్లా మొత్తానికి ఒక్కటే ఇస్తారని, మనదాకా రావడానికి టైము పడుతుందని ఎస్.ఐ. గారు నసిగారు. చిలకమ్మ పైనున్న తన గూడేనికి వెళ్ళిపోయింది.

నాకా రాత్రి నిద్రపడితే ఒట్టు. తెల్లారేసరికి బుర్రలో ఒక దివ్యమైన ఆలోచన మొలిచింది. వినాశకాలే విపరీతబుద్ధి అని పెద్దలు అన్నది నాలాంటివాళ్ళను చూసే. మా ఆయనకు అరకులో చిన్న ఫోటో స్టూడియో ఉండేది. ఆయన పాత మూడుకాళ్ళ స్టాండు తెచ్చాను. పాలపొడి డబ్బాకు నల్లరంగు పూసి, ముందు టార్చిలైటు అద్దం బిగించి, ఆ స్టాండు మీద కూర్చోబెట్టాను.

"ఎవరైనా దగ్గరికొచ్చి చూస్తే?" అన్నారు మా ఆయన.

"భయం నిజమైతే చాలు, కెమెరా నిజం కానక్కర్లేదు" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో. పెళ్ళైన పదేళ్ళలో నాతో వాదించడం మానేసిన మనిషి కాబట్టి, ఆయన స్టూడియోకి వెళ్ళిపోయారు.

సంతరోజు పొద్దున్నే మలుపు దగ్గర దాన్ని నిలబెట్టి, ఖాకీ రెయిన్‌కోటు తొడుక్కుని పక్క పొదలో కూర్చున్నాను. మొదటి కారు కీచుమని ఆగినంత పనైంది. రెండో కారాయన చొక్కా సర్దుకుని, ఫోటోలో బాగా పడాలని కాబోలు, తల దువ్వుకుని మరీ వెళ్ళాడు. ఒక బస్సు డ్రైవరు డబ్బాకు సలాం కొట్టాడు. నాకైతే సన్మానం, శాలువా, వేదిక మీద అప్పారావు తలవంచుకుని కూర్చోవడం, అన్నీ కళ్ళముందు కనిపించాయి.

సరిగ్గా అప్పుడే పై గూడేలవాళ్ళు అడ్డాకుల మోపులతో, చింతపండు బుట్టలతో సంతకు దిగారు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. కొండలు తవ్వడానికి ఎవరో వస్తున్నారని ఆ రోజుల్లో ఊళ్ళన్నీ అట్టుడికిపోతున్నాయి. కొత్తవాళ్ళు జీపుల్లో వచ్చి, మూడుకాళ్ళ మిషన్లు పెట్టి కొలుస్తుంటే, గూడేలవాళ్ళు రెండుసార్లు తరిమికొట్టారు. ఇప్పుడు వాళ్ళ ఎదుట ఏముంది? మూడుకాళ్ళు, నల్ల మిషను, ఖాకీ కోటు. మిషను మూతి కొండవైపు. మోపులు దింపి నన్ను చుట్టుముట్టారు. అందరికంటే ముందు చిలకమ్మ.

"ఏ కొండ కొలుత్తన్నావు టీచరమ్మా?"

"కొండని కాదమ్మా, కార్లని."

"కార్లనయితే దీని మూతి కొండేపెందుకుంది?"

"రోడ్డు అటే కదమ్మా ఉంది."

"మా గుంటకి సదువు సెప్తన్నావని నమ్మినాం" అంది.

ఒక్కరు కూడా నా మాట వినలేదు. డబ్బాను, నన్ను రోడ్డు మధ్యకు తెచ్చి కూర్చోబెట్టి, చుట్టూ కూర్చున్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టారని విన్నాం గానీ, కొండ తవ్వేస్తుందని టీచరును పట్టడం ఎక్కడైనా ఉందా? రెండువైపులా బళ్ళు నిలిచిపోయాయి, హారన్లు మోగాయి. ఆ వరసలో అప్పారావు జీపు కూడా ఉంది. అతను బానెట్టు మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటూ నన్నే చూస్తున్నాడు.

ఇక గత్యంతరం లేక డబ్బా మూత తీసి చూపించాను. లోపల అడుగున అంటుకున్న పాలపొడి తప్ప ఏమీ లేదు. అందరూ పకపకా నవ్వి నన్ను వదిలేస్తారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. చిలకమ్మ డబ్బాలోకి తొంగిచూసి, దాన్ని నా ఒళ్ళో పెట్టింది.

"కొండ కొలవడానికయితే నిజం మిషన్లే తెత్తారు. జీపుల్లో బేగి తెత్తారు. మా గుంట కాలిరిగితే పాలడబ్బానా టీచరమ్మా?"

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఏడుపొచ్చింది, దాని వెనకే కోపమొచ్చింది. ఆమె మీద కాదు, ఆ కారువాడి మీద, జిల్లాకొక్కటే అన్నవాళ్ళ మీద, అందరికంటే ఎక్కువగా నా తెలివి మీద. వాళ్ళు నన్ను పొమ్మన్నారు. నేను లేవలేదు. స్పీడుబ్రేకరు వేసేదాకా ఎవరమూ లేవొద్దని చెప్పి, అక్కడే వాళ్ళ మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. వాళ్ళూ కదల్లేదు.

సాయంత్రానికి ఆ వరసలో ఎవరో పెద్ద ఆఫీసరుగారి కారు కూడా చిక్కుకుంది. అంతే, ఎన్ని అర్జీలకూ కదలని రోడ్డువాళ్ళు కంకర, తారు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మలుపులో స్పీడుబ్రేకరు పడింది. ఆ తర్వాత బుద్రి కుంటుకుంటూ రోడ్డు దాటుతుంటే కార్లు నిలబడి దారిచ్చేవి.

కేసు మాత్రం నామీద పెట్టారు. అంతమందిలో ప్రభుత్వ జీతగత్తెను నేనొక్కదాన్నే కదా. కోర్టులో నేరం చదివి వినిపించారు: రోడ్డు మీద వాహనాల వేగానికి ఆటంకం కలిగించుట.

"అయ్యా, నేను చేయాలనుకున్నదే అది" అన్నాను. జడ్జిగారు నవ్వాపుకుని జరిమానా వేశారు, కట్టాను. పిల్లను గుద్దినవాడు దొరకలేదు, పైసా కట్టలేదు. వేగం పేరుతో ఆ మలుపులో ఈనాటివరకూ జరిమానా కట్టిన మనిషిని నేనొక్కదాన్నే.

అందుకని కొండదేవత సాక్షిగా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ పాలడబ్బాకు నల్లరంగు పూయను, పొదలో నక్కి కూర్చోను. మళ్ళీ ఏ పిల్ల కాలైనా విరిగిందా, మొదటే పోయి రోడ్డు మీద కూర్చుంటాను.