ఆ ఇంజను అమ్మించింది నేనే

మావయ్య గారు పోయారని కబురు వచ్చేసరికి నేను తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లు కప్పు మీద నిలబడి సోలార్ ప్యానెళ్ళు బిగింపిస్తున్నాను. ఆయన మా మేనత్త భర్త. పెదపాడు దగ్గర చేపల చెరువు ఆయనది. నేను సోలార్ కొట్టు పెట్టిన కొత్తలో, ఆడపిల్లకి ఈ పనేమిటని అందరూ నవ్వుతుంటే, మొదటి బేరం ఇచ్చింది ఆయనే. అలాంటి మనిషికి నేను చేసిన అన్యాయం ఒకటుంది. ఆయన ఉండగా చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతున్నాను.

పొద్దున్నే కాఫీ కంటే ముందు చెరువు చూసేవారు. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని రంగు చూసి, వాసన చూసి, ఆ తరువాత ఆకాశం కేసి చూసేవారు. అక్కడి నుంచి షెడ్డులోకి వెళ్ళి, కరెంటు ఉన్నా సరే, డీజిల్ ఇంజనుకు హ్యాండిల్ తగిలించి తిప్పి ఐదు నిమిషాలు నడిపేవారు. ఎందుకండీ అని అడిగితే, "పనున్నప్పుడే పలకరిస్తే మనుషులే పలకరమ్మా, ఇనుము పలుకుతుందా?" అనేవారు. ఎక్కడో కొత్త గ్యాసు బావి తవ్వుతున్నారని పేపర్లో పడినా, సోలార్ ప్యానెళ్ళు పరుస్తున్నారని పడినా ఆయనకి ఒకటే సంబరం. "నేల కింద ఉన్నదీ మనదే, నెత్తి మీద ఉన్నదీ మనదే. ఒకటొచ్చిందని రెండోదాన్ని గెంటెయ్యడం దేనికమ్మా?" అనేవారు.

నేను గెంటించాను. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లకి ప్యానెళ్ళూ బ్యాటరీలూ అమర్చి, "ఇంక ఆ పొగ డబ్బా ఎందుకు మావయ్య గారూ, అమ్మెయ్యండి" అన్నాను.

ఆయన గడ్డం గోక్కున్నారు. "ముసురు పడితేనో?" అన్నారు.

"బ్యాటరీ ఉంది కదండీ. మూడు రోజులైనా వస్తుంది" అన్నాను. లెక్క వేసి కాదు, నోటికొచ్చి అన్నాను. చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని ఆ వారమే అమ్మేశారు.

ఆ వానాకాలం ముసురు పట్టింది. ఎండ లేకపోతే ప్యానెళ్ళకే కాదు, చెరువుకూ ఊపిరాడదు. వెలుతురు అందక నీళ్ళలోని నాచు గాలి తయారుచెయ్యదు. ఈ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలియదు. రెండో రోజు ఈదురుగాలికి కరెంటు తీగలు తెగాయి. ఎండ ఎరగని బ్యాటరీ మూడో రోజు పొద్దుటికి ఖాళీ అయింది. నేను వెళ్ళేసరికి బొచ్చె, రాగండి చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. ఏరియేటర్లు తిప్పడానికి అద్దె ఇంజను కోసం మనిషి వెళ్ళాడు గానీ, అది వచ్చేలోపు చచ్చిన చేపలతో చెరువు సగం తెల్లబడిపోయింది.

గట్టు మీద జనం మూగారు. "మీ ఇంజను ఏదండీ?" అని ఎవరో అడిగారు. మావయ్య గారు నావైపు చూడకుండానే, "నేనే తొందరపడి అమ్మేశానండీ. అమ్మాయి వద్దనే చెప్పింది" అన్నారు.

నేను తల దించుకున్నాను, అంతే. ఆ మాట చుట్టుపక్కల చెరువులన్నీ తిరిగింది. ఉన్నదున్నట్టు చెప్పి అమ్మే పిల్ల అని నాకు బేరాలు పెరిగాయి. ఉన్న ఇంజను అమ్ముకున్న తెలివితక్కువ మనిషని ఆయనకి పేరొచ్చింది. తరువాత ఓ పాత ఇంజను కొని ప్యానెళ్ళ పక్కనే షెడ్డులో పెట్టుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఇప్పుడు నా కొట్టుకొచ్చే ప్రతి రైతుకూ ఇంజను ఉంచుకోమనే చెబుతాను. అది ఆయన మాటని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆయన పోయిన పదో రోజు భోజనాల దగ్గర పక్క చెరువు రైతు, "మంచాయనేనండి పాపం. ఆ ఇంజనొక్కటి అమ్ముకోకుండా ఉండాల్సిందండి" అన్నాడు.

"అమ్మించింది నేనండి. ముసురు పడితే ఎలాగని ఆయన అడగనే అడిగారు" అన్నాను. ఇన్నేళ్ళకి చెప్పాను.

రైతు చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. "మరి ఆయనుండగా చెప్పలేదేమ్మా?" అన్నాడు.

చెయ్యి కడుక్కుని చెరువు గట్టు మీది షెడ్డుకు వెళ్ళాను. మబ్బు పట్టి ఉంది. హ్యాండిల్ మేకుకు వేలాడుతోంది. దానికి చుట్టిన గుడ్డలో నూనె తడి ఇంకా ఆరలేదు. పది రోజులుగా ఎవరూ పలకరించని ఇంజనుకు దాన్ని తగిలించి తిప్పాను. పలకలేదు. మళ్ళీ తిప్పాను.