నిండుగా తిరిగొచ్చిన గిన్నె

మొన్న ఉదయం ఏలూరులో మా అబ్బాయి ఫ్లాటులో కోడలు కప్పుతో బియ్యం కొలిచి కుక్కరులో పోస్తుంటే, పక్కన నిలబడ్డ నేను నాకు తెలియకుండానే చెయ్యి పెట్టి ఓ గుప్పెడు వెనక్కి తీసేశాను. "అత్తయ్యా, నీళ్ళ లెక్క తప్పుతుందండీ!" అంది పాపం. కుక్కరుకి లెక్కలొచ్చు, నాకు రావు. అయిదో తరగతిలో నన్ను బడి గుమ్మం దాటించింది ఆ లెక్కలే. కానీ ఆ గుప్పెడు మాత్రం మతిమరుపు కాదండీ, మా అత్తయ్య పెంపకం.

చింతలపూడి మెరక నుంచి మండవల్లి దగ్గర కొల్లేటి ఒడ్డుకి కోడలిగా వచ్చేనాటికి నాకు రెండే విద్యలు వచ్చు, వంట చెయ్యడం, ఎదుటివాళ్ళని నవ్వించడం, మొదటిది అంతంతమాత్రం. మా అత్తయ్య ఎసరు పెట్టిన ప్రతిసారీ కొలిచిన బియ్యంలోంచి గుప్పెడు తీసి గూట్లో కుండలో వేసేది. నెలాఖరు ఆదివారం ఆ బియ్యం చర్చికి వెళ్ళేవి, అక్కణ్ణుంచి పొయ్యి వెలగని ఇళ్ళకి. మీలో చాలామంది ఇళ్ళలో ఆ కుండ ఉండేదే. మా అత్తయ్యది ఇంకో అలవాటు కూడా: గుప్పెడు వేస్తూ రోజుకొకరి పేరు పైకి చెప్పి, ఇవాళంతా వాళ్ళని ప్రేమించే మనసివ్వు ప్రభువా అనేది. దేవుడు మనల్ని రోజూ కొత్తగా ప్రేమిస్తున్నాడు, నిన్నటి అన్నం ఇవాళ్టి ఆకలికి చాలుతుందా అని ఆవిడ వాదన.

అలా ఊరందరి పేర్లూ వచ్చేవి, పాలల్లో నీళ్ళు కలిపే ఆయనది కూడా. రానిది ఒక్కటే, గోడవతల ఉండే ఆవిడ తోటికోడలు, అంటే మా చిన్నత్తయ్య పేరు. ఆవిడ బాతులు మా నారుమడి తొక్కేశాయని రెండేళ్ళుగా ఆ ఇంటికీ మా ఇంటికీ మాటల్లేవు. ఇద్దరూ చర్చిలో ఒకే చాప మీద కూర్చుని, ఒకే పాట పాడి, వేరువేరు దారుల్లో ఇంటికొచ్చేవారు. నా నోరు ఊరుకుంటుందా? "అత్తయ్యా, పాలాయన్ని కూడా ప్రేమించేశారు కదండీ, ఈ గోడ దాటడానికి దేవుడికి నిచ్చెనేమన్నా కావాలాండీ?" అన్నాను. "అంత భక్తుంటే రేపు గుప్పెడు నువ్వే వెయ్యి" అని ఆవిడ విసురుగా వెళ్ళిపోయింది.

వేశాను. అదీ పెరటిగోడ పక్కన నిలబడి, కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళందరికీ వినబడేలా, "ఈ గుప్పెడు మా చిన్నత్తయ్యకి ప్రభువా!" అని. అందరూ నవ్వారు. కానీ పేరు ప్రార్థనకి, బియ్యం పేదలకి అన్న తేడా మా వంటింటికే తెలుసు. పైగా ఆ ఏడు కొల్లేటి నీళ్ళెక్కి చిన్నత్తయ్య వాళ్ళ చేను మునిగిందనీ, ఆ ఇంట్లో బాతులున్నాయి గానీ గింజల్లేవనీ నాకు తెలియదు. తన పేరు ధర్మం బియ్యంలో పడిందనుకుందావిడ. ఆ ఆదివారం చర్చికి రాలేదు, పై ఆదివారం రొట్టే ద్రాక్షరసం పంచే ప్రభు సంస్కారానికీ రాలేదు. చాప మీద ఆ ఖాళీ చూశాక నా నవ్వు ఎటుపోయిందో నాకే తెలియలేదు.

ఆ ఇంట్లో గింజల్లేవన్న సంగతి అత్తయ్య అప్పుడే ఆరా తీసింది. బియ్యం మోసుకెళ్తే మొహాన తలుపేసే మనిషి చిన్నత్తయ్య. అందుకని సోమవారం పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని, ఉత్త చేతుల్తో ఆ గుమ్మమెక్కి, "చెల్లీ, దీనికి బాతుగుడ్ల పులుసు మీద మనసు పోయింది, నాలుగుంటే పెడతావా?" అంది. రెండేళ్ళ తర్వాత మొదటి మాట! చిన్నత్తయ్య నా పొట్ట వంక చూసి, "ఎన్నో నెలక్కా?" అంది. నాకు నెలా లేదు, గిలా లేదు. అత్తయ్య కంటితోనే నోరు ముయ్యమంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మూశాను.

మేం గిన్నె తీసుకెళ్ళలేదు కదా, చిన్నత్తయ్య తన గిన్నెలోనే గుడ్లు పెట్టిచ్చింది. మన వైపు ఎవరింటి గిన్నెనూ ఖాళీగా తిప్పి పంపం కదండీ. సాయంత్రం అది నిండా బియ్యంతో వెళ్ళింది. తన గిన్నె తనకి తిరిగొస్తే ఎవరు మాత్రం కాదంటారు? మర్నాడు మళ్ళీ గుడ్లు, మళ్ళీ బియ్యం. పంట చేతికొచ్చేదాకా ఆ గిన్నె గోడ మీంచి తిరుగుతూనే ఉంది. మూడో ఆదివారానికి చాప మీద ఖాళీ పూడింది. నేను మాత్రం లేని కడుపుకి గుడ్లు తింటూనే ఉన్నాను. ఏడాదిన్నరకి మా అబ్బాయి పుడితే, "ఏనుగుని మోశావేమిటే!" అని చిన్నత్తయ్యే నవ్వింది. అప్పుడు చెప్పుకున్నాను క్షమాపణ. "పోనీలేవే, నువ్వు కూతపెట్టకపోతే మా అక్క గుమ్మమెక్కేదా?" అంది.

ఇద్దరూ లేరిప్పుడు. కూరలు ప్లాస్టిక్ డబ్బాల్లో వస్తున్నాయి. డబ్బా తిరిగివ్వక్కర్లేదు, అంచేత మనిషీ తిరిగి వెళ్ళక్కర్లేదు. చర్చికి పంపేది ఫోనులోనే పంపేస్తున్నాం. తప్పనను, ఆకలికి ఏ దారిన వచ్చినా అన్నమే. కానీ మొన్న ఆ గుప్పెడు పట్టుకుని ఎవరి పేరు చెబుదామా అనుకుంటే ఎదురింటావిడ గుర్తొచ్చింది. ఎనిమిది నెలలుగా లిఫ్టులో నవ్వుకుంటున్నాం, పేరు తెలియదు. దేవుడికి తెలుసులే అని సరిపెట్టుకోవచ్చు. మా అత్తయ్య ఒప్పుకునేది కాదు.

గుప్పెడు బియ్యం కోడలి చేతిలో పోసి, కాస్త కరివేపాకు అడిగొస్తానన్నాను. "ఫ్రిజ్జులో బోలెడుంది కదండీ" అంటూనే ఉంది. గిన్నె తీసుకోకుండానే వెళ్ళి ఎదురు తలుపు కొట్టాను.